ఎండకి అడ్డొచ్చిన చెట్టు

1998 వేసవి. కాట్రేనికోన మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాబా మీద, నెత్తిన తడి తువ్వాలు కప్పుకుని నేను సోలార్ పలకలు బిగిస్తున్నాను. ఊరి పేరు రాయను. ఆ మనుషుల్లో కొందరు ఇంకా అక్కడే ఉన్నారు, వాళ్ళ పేర్లు కూడా మార్చే రాస్తున్నాను.

నా ఉద్యోగం కోల్డ్ చైన్ మెకానిక్. పెళ్ళిచూపుల్లో ఈ మాట చెబితే మా మామగారు సైకిల్ చైన్లు బాగుచేస్తాననుకుని ముఖం చిన్నబుచ్చుకున్నారు. అసలు సంగతి ఇది. టీకా మందు తయారైన చోటు నుంచి పిల్లవాడికి వేసే క్షణం దాకా రెండు డిగ్రీలకీ ఎనిమిది డిగ్రీలకీ మధ్య చల్లగా ఉండాలి. దారిలో ఎక్కడైనా వేడెక్కిందంటే మందు పనికిరాదు, పైకి చూస్తే మాత్రం ఏ తేడా తెలియదు. ఆ చల్లదనం ఎక్కడా తెగకుండా చూడటాన్నే కోల్డ్ చైన్ అంటారు. అమలాపురంలో కాపురం పెట్టుకుని, భుజాన పనిముట్ల సంచితో, కొంత బస్సు, కొంత గోదావరి పాయలు దాటించే పంటు, మిగతా అద్దె సైకిలు మీద కోనసీమంతా తిరిగి ఆసుపత్రుల ఫ్రిజ్‌లు బాగుచేయడమే నా పని. చేసినన్నాళ్ళూ ఇష్టంగానే చేశాను. మనుషులకన్నా ఫ్రిజ్‌లే నయం, అవి జబ్బు దాచుకోవు అని మా ఆవిడతో అంటుండేవాడిని.

ఆ ఊరికి సోలార్ ఫ్రిజ్ ఎందుకొచ్చిందో చెప్పాలంటే తొంభై ఆరు తుఫాను దగ్గరికి వెళ్ళాలి. ఆ నవంబరు రాత్రి గురించి కోనసీమ వాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కరెంటు స్తంభాలు పడిపోయాయి, వారాల తరబడి తీగల్లో ప్రాణం లేదు. ఆసుపత్రుల్లో ఐఎల్ఆర్ అనే పెట్టెలు ఉండేవి. లోపల గోడల చుట్టూ మంచు కట్టి ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా ఒకటి రెండు రోజులు చల్లదనం నిలుస్తుంది. వారాలంటే ఏ పెట్టె నిలుస్తుంది? నేను వెళ్ళేసరికి ఆ కేంద్రంలో టీకా సీసాలన్నీ గోరువెచ్చగా ఉన్నాయి. గొయ్యి తీసి అన్నీ పూడ్చిపెట్టాం. కొత్త మందు వచ్చి, మళ్ళీ టీకాలు సక్రమంగా మొదలయ్యేలోగా ఊళ్ళో పిల్లలకి తట్టు పోసింది.

ఆసుపత్రి ప్రహరీకి దక్షిణంగా, గోడ ఆనుకునే ఆదిలక్ష్మి గారి ఇల్లు. అప్పటికి ఆవిడకి యాభై దాటి ఉంటాయి. కొబ్బరి ఈనెలు చీరి చీపుళ్ళు కట్టేది. భర్త సత్తిరాజు గారు దింపు తీసే మనిషి, అంటే కాళ్ళకి తాడు బంధం వేసుకుని చెట్టెక్కి కాయలు దింపుతాడు. వాళ్ళ కూతురి కొడుకు బుజ్జిగాడికి తట్టు పోసి, ఊపిరితిత్తులకి నెమ్ము చేరి, అమలాపురం ఆసుపత్రిలో చావు దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. ప్రాణం దక్కింది గానీ ఒక కంటి మీద తెల్లటి పొర మిగిలిపోయింది.

కరెంటుతో పనిలేని ఫ్రిజ్ ఒకటి సముద్రం ఒడ్డు ఊళ్ళకి ఇవ్వాలని పైవాళ్ళకి అప్పుడే తోచింది. సర్వే చేసే ఇంజనీరు తుఫాను వెళ్ళిన కొద్ది నెలలకే వచ్చాడు. అప్పటికి ఊరు గుండు చేయించుకున్నట్టుంది. చెట్లన్నీ నేలకొరిగి, నిలబడ్డవాటికి మట్టలు లేక, ఆసుపత్రి డాబా మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండే ఎండ. నీడ బెడద లేదని ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు. రాసింది అబద్ధం కాదు. కోనసీమలో ఎండ ఎంత ఉన్నా అది నేల దాకా దిగకుండా కొబ్బరిచెట్లు పైనే తినేస్తాయన్న సంగతి, ఆ ఒక్క ఏడాది ఎవరి కంటికీ కనిపించలేదు.

నేను పలకలు బిగిస్తుంటే ఆదిలక్ష్మి గారు గోడ దగ్గరికొచ్చి తల పైకెత్తి చూసింది.

"ఏటండి బాబుగారూ, డాబా మీద అద్దాలు పెడతన్నారు?"

"ఇవి ఎండని కరెంటు చేస్తాయి పిన్నిగారూ. ఆ కరెంటుతో టీకాల పెట్టె చల్లగా ఉంటుంది."

"ఎండతోటి చల్లబెడతారా? ఎటకారాలాడతన్నారాండి నాతోటి?"

"ఎటకారం కాదండీ. మీరే చూద్దురుగాని."

"ఆయ్. అయితే కానీండి బాబు. మా బుజ్జిగాడప్పుడు ఈ పెట్టె ఉండుంటే ఆ కన్ను కన్నులాగే ఉండేది కదండీ."

ఆవిడ పెరట్లో తుఫానుకి మిగిలింది ఒకే ఒక్క కొబ్బరిచెట్టు. తక్కినవన్నీ ఆ రాత్రే పడిపోయాయి. మిగిలినది కూడా మొవ్వు, అంటే నడిమి లేత చిగురు, మెలి తిరిగిపోయి, ఉన్న నాలుగు మట్టలూ ఒక పక్కకి వాలిపోయి, బతుకుతుందో లేదో తెలియకుండా ఉండేది. ఆవిడ దాని మొదట్లో ఉప్పు పోసేది, బూడిద పోసేది, కడుగు నీళ్ళు పోసేది. కొత్త మొవ్వు నిటారుగా లేచిననాడు ఆసుపత్రికి వచ్చి అక్కడి నర్సు రత్నకుమారి సిస్టరు నోట్లో బెల్లం ముక్క పెట్టి మరీ చెప్పిందట. నేను తరువాతిసారి వెళ్ళినప్పుడు సిస్టరు ఆ మాట చెబితే నాకూ సంతోషం వేసింది. మేమందరం ఆ చెట్టు కోలుకోవాలనే కోరుకున్నాం. కోలుకుంటే దాని నీడ ఎటు పడుతుందో మాలో ఒక్కరికీ తట్టలేదు.

మొదటి ఏడాదిన్నర ఆ ఫ్రిజ్ అంటే నాకు మహా గర్వంగా ఉండేది. కరెంటు కోత ఉన్నా లేకపోయినా దానికి పట్టదు. చప్పుడు లేదు, పొగ లేదు, కిరసనాయిలు కంపు లేదు. పగలు పలకల నుంచి వచ్చే కరెంటు కొంత ఫ్రిజ్‌కి పోతుంది, మిగిలింది బ్యాటరీల్లో నిలవ ఉండి రాత్రికి పనికొస్తుంది. రత్నకుమారి సిస్టరు దాన్ని కన్నబిడ్డలా చూసుకునేది. పొద్దునా సాయంత్రం ఉష్ణోగ్రత చూడటం, బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ తగ్గకుండా చూడటం, పలకల మీద కాకి రెట్టలు తుడిపించడం, అన్నీ ఆవిడే. ఆసుపత్రుల వల్ల గాలిలో కలిసే పొగ తగ్గించాలని, దాన్ని కార్బన్ ఫుట్‌ప్రింట్ అంటారని ఇప్పుడు సభలు పెట్టి చెబుతున్నారు. అంటే మనం కాల్చే డీజిలు, వాడే కరెంటు, పారేసే సామాను వల్ల భూమికి ఎంత వేడి పెరుగుతోందన్న లెక్క. అప్పటికి ఆ మాట మా చెవిన పడలేదు. పేరు తెలియకుండానే ఆ ఊళ్ళో ఆ పని జరిగిపోతుండేది.

1999 డిసెంబరులో ఆ కేంద్రం నుంచి కబురొచ్చింది. పలకలకీ బ్యాటరీలకీ మధ్య ఉండే కంట్రోలరు మీద ఎర్ర దీపం వెలుగుతోందని. అది వెలిగిందంటే బ్యాటరీలకి కడుపు నిండటం లేదని అర్థం. వెళ్ళి తీగలన్నీ చూశాను, బిగింపులన్నీ చూశాను. ఎక్కడా లోపం కనపడలేదు. భోజనం చేసి డాబా ఎక్కేసరికి జబ్బు కళ్ళెదుటే ఉంది. పలకల మీద కొబ్బరి మట్టల నీడ, గాలికి అటూ ఇటూ ఊగుతోంది.

చలికాలంలో సూర్యుడు దక్షిణానికి దిగుతాడు. ఆదిలక్ష్మి గారి చెట్టు నైరుతి మూల ఉంది. ఆ రెండేళ్ళలో అది పూర్తిగా కోలుకుని, గుండ్రంగా, నిండుగా తల విరబోసుకుంది. వేసవిలో సూర్యుడు నడినెత్తిన నడుస్తాడు కాబట్టి తెలియలేదు. డిసెంబరు వచ్చేసరికి మధ్యాహ్నం నుంచీ నీడే. కొంచెం నీడేగా అనుకోవడానికి లేదు. పలక గాజు కింద బిళ్ళలన్నీ వరసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి. ఒక్కదాని మీద నీడ పడినా వరస వరసంతా మొరాయిస్తుంది. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి కూలబడితే బండి ఆగిపోయినట్టే.

అప్పుడక్కడున్న డాక్టరు గారిది మెట్ట ప్రాంతం, అదే మొదటి ఉద్యోగం. మనసున్న మనిషి, తొందర కూడా ఉన్న మనిషి. "చెట్టు కొట్టించేద్దామండీ. అన్ని ఊళ్ళ పిల్లల టీకాలకన్నా ఒక చెట్టు ఎక్కువా?" అన్నారు.

రత్నకుమారి సిస్టరు కిటికీ రెక్క దగ్గరికి వేసింది. "ఆ మాట గోడవతలకి వినపడకుండా అనండి సార్. వీళ్ళకి కొబ్బరిచెట్టంటే ఇంటికి పెద్దకొడుకండీ. పైగా ఆవిడకి మిగిలిందదొక్కటే."

నేను పుట్టింది ముక్తేశ్వరంలో, కొబ్బరి తోటల మధ్య. కాపు మీదున్న చెట్టుని కొట్టమని ఒకరిని అడగడం నా నోటికి రాదు. అడగకపోతే ఫ్రిజ్ దక్కదు. ఆ సాయంత్రం డాక్టరు గారినీ సిస్టరునీ వెంటబెట్టుకెళ్ళి, గోడ దగ్గర నిలబడి ఆదిలక్ష్మి గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. నీడ వల్ల బ్యాటరీలు నిండటం లేదని, ఇలాగే ఉంటే మందులు పాడవుతాయని, డాబాకి ఈశాన్యం మూల ఎత్తయిన స్టాండు వేసి పలకలు అక్కడికి మారిస్తే నీడ తగలదని. దానికి ఇనప గొట్టాలు కావాలి, లావుపాటి కేబులు కావాలి. ఎందుకంటే ఆ తక్కువ ఓల్టేజి కరెంటు సన్నటి తీగలో దూరం నడిస్తే సగం దారిలోనే నీరసపడిపోతుంది. అవి పై నుంచి రావాలి.

ఆదిలక్ష్మి గారు ఈనెలు చీరే కత్తి పక్కన పెట్టి చెట్టు వంక చూసింది.

"తుఫానుకే పడలేదు కదండీ అది. ఇప్పుడు మనం పడగొడితే ఏం బాగుంటదండీ?" అంది. మళ్ళీ తనే, "ఆ పెట్టె పాడైపోతే మా బుజ్జిగాడిలాగే ఇంకోళ్ళ బిడ్డకి అవుద్ది. నాకు ఎటూ పాలుపోడం లేదు బాబుగారూ" అంది.

అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్న సత్తిరాజు గారు అప్పుడు నోరు విప్పాడు.

"చెట్టెందుకండీ కొట్టడం? ఆ పక్కకి వాలిన మట్టలు తీసేత్తే ఎండ పడుద్ది కదా. మీ స్టాండొచ్చేదాకా నేను ఎక్కి తీసేత్తుంటానండి."

"పచ్చి మట్టలా బాబాయిగారూ?" అన్నాను.

"మరి పచ్చియ్యేనండి."

అక్కడున్న వాళ్ళలో డాక్టరు గారికి తప్ప అందరికీ దాని అర్థం తెలుసు. కొబ్బరి మట్ట ఎండి తనంతట తను రాలాలి. పచ్చి మట్ట నరికితే గాయం అవుతుంది, ఆ గాయం వాసనకి ఎర్రముక్కు పురుగు వస్తుంది. అది కాండంలో గుడ్లు పెట్టిందంటే లోపల్లోపలే తొలిచేస్తుంది, బయటికి తెలిసేసరికి చేసేదేమీ ఉండదు. మా ప్రాంతంలో పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది.

"గాయానికి తారు రాత్తానండి. ఒక్క చలికాలమే కదా. ఏం కాదు" అన్నాడాయన.

ఒక్క చలికాలమే. ఆ మాటని మేమంతా గట్టిగా పట్టుకున్నాం. చెట్టు కొట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు, ఫ్రిజ్ వదులుకోవడానికీ ఒప్పలేదు. రెండూ దక్కే దారి కనపడగానే అందరి ముఖాలూ విచ్చుకున్నాయి. నా ముఖం కూడా.

మర్నాడు పొద్దున్నే ఆయన చెట్టెక్కాడు. ఆ వయసులో కూడా ఉడతలా పైకి పోయాడు. నేను డాబా మీద నిలబడి ఏ మట్ట నీడ పడుతోందో కేకేసి చెబుతుంటే, ఆయన దాన్ని మాత్రమే నరికి, గాయానికి తారు పూసి, తరవాతి దాని మీదికి జరిగేవాడు. కింద ఆదిలక్ష్మి గారు పడిన మట్టలు పోగేస్తూ, "అది చాలండి, దాన్నొదిలేయండి, దాని చంకలో గెలుంది" అని అడ్డుపడుతూ ఉంది. ఆరోజు సాయంత్రం పలకల మీద నీడ లేదు. నాలుగు రోజులకి ఎర్ర దీపం ఆరి పచ్చ దీపం వెలిగింది.

ఆవిడ చూడ్డానికి వచ్చింది. "మా మట్టలతోటి మీ పెట్టెని చల్లబెట్టుకున్నారు కదండీ సిస్టరమ్మా, ఎండాకాలం ఓ ఐసు ముక్కయినా పెట్టండి మాకు" అంది నవ్వుతూ.

"డాక్టరు గారి మంచినీళ్ళ సీసాయే పెట్టనివ్వలేదండీ ఇందులో. మీకు ఐసు ముక్క కూడానా?" అంది రత్నకుమారి సిస్టరు. నిజమే. టీకాల ఫ్రిజ్‌లో టీకాలు తప్ప ఇంకేదీ పెట్టకూడదు. డాక్టరు గారు తల వంచుకుని నవ్వారు. ఆ ఫ్రిజ్ దగ్గర మేమందరం కలిసి నవ్వుకున్నది ఆ ఒక్కరోజే అనుకుంటాను.

స్టాండుకీ కేబులుకీ అంచనా వేసి పైకి పంపాను. వేసవి వెళ్ళింది, వానాకాలం వెళ్ళింది, ఏ కబురూ లేదు. జిల్లా ఆఫీసుకి పనిమీద వెళ్ళినప్పుడల్లా ఆ కాగితం సంగతి అడిగేవాడిని. ప్రభుత్వ ఖర్చు దేనికైనా ఒక పద్దు ఉండాలి, దాన్ని హెడ్ అంటారు. హెడ్ లేని ఖర్చు ఎంత చిన్నదైనా కదలదు. మా సెక్షన్ వాళ్ళు, "ఫ్రిజ్ మాదేనండీ, స్టాండు మాది కాదు. అది కట్టడం పని" అనేవారు. కట్టడం పనులు చూసేవాళ్ళ దగ్గరికి వెళితే, "స్టాండు వేసేది ఫ్రిజ్ కోసమే కదండీ, మీ వాళ్ళే వెయ్యాలి" అనేవారు. ఇద్దరూ కుర్చీ వేసేవారు, ఇద్దరూ టీ ఇప్పించేవారు. మర్యాదకి మాత్రం లోటు లేదు. తుప్పు పట్టిన బోల్టునైనా నూనె పోసి కదిలిస్తాను గానీ అంత మర్యాదని కదిలించడం నా వల్ల కాలేదు.

రెండో చలికాలం వచ్చింది. సత్తిరాజు గారు మళ్ళీ ఎక్కాడు. ఈసారి నేను కేకేయకపోయినా ఏ మట్టలు తీయాలో ఆయనకే తెలుసు. ఆదిలక్ష్మి గారు కింద నుంచి అడ్డుపడలేదు. "స్టాండు ఇంకా రాలేదాండీ?" అని అడిగింది. వస్తుంది పిన్నిగారూ అన్నాను. మూడో చలికాలం కూడా అలాగే ఎక్కాడు. అప్పటికి చెట్టు ఒక పక్క నిండుగా, ఒక పక్క బోడిగా, దువ్వెన సగంలో వదిలేసిన తలలా ఉండేది. కాపు తగ్గిపోయింది. పిందెలు నిలవక రాలిపోయేవి. ఆవిడ ఆ మాట నాతో అనలేదు, రత్నకుమారి సిస్టరు చెప్పింది.

2002 వేసవిలో ఫ్రిజ్ చూడ్డానికి మామూలుగా వెళ్ళాను. సత్తిరాజు గారు గోడ దగ్గర నిలబడి నన్ను రమ్మని పిలిచాడు.

"ఇలా రండి బాబుగారూ. ఇక్కడ చెవి పెట్టండి."

చెట్టుకి చెవి ఆనించాను. లోపల కరకరమని చప్పుడు. చీకటి కొట్టంలో పశువు ఎండుగడ్డి నములుతున్నట్టు, ఆగకుండా, తీరిగ్గా. కాండం మీద అక్కడక్కడా చిన్న బెజ్జాలు, వాటిలోంచి ఎర్రటి జిగురు కారుతోంది, నమిలిన పీచు బయటికొచ్చి ఉంది.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"ఎప్పుడు దూరిందో మరి. తారు రాత్తానే ఉన్నానండి. ఎక్కడో సందు దొరికింది దానికి."

వ్యవసాయాఫీసు వాళ్ళు చెప్పినట్టు బెజ్జాల్లో మందు పోశారు, బంకమట్టితో మూశారు. కొన్నాళ్ళు చప్పుడు తగ్గినట్టే ఉంది. ఆషాఢం గాలులకి ఒకరోజు మొవ్వంతా ఊడి పక్కకి వాలిపోయింది. అంత తుఫానుకి నిలబడ్డ చెట్టు మామూలు గాలికి పడిపోయిందని ఊళ్ళో అందరూ అనుకున్నారు. గాలికి కాదని మాకు తెలుసు.

మొండెం ఇంటి మీద పడకుండా కొట్టెయ్యాలి. ఆదిలక్ష్మి గారు దాని మొదలు కడిగి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఓ కొబ్బరికాయ కొట్టిందట. ఆ కాయ ఆ చెట్టుదే, ఆఖరి గెలలోది. కొట్టింది పక్కూరి మనుషులు. సత్తిరాజు గారు ఆరోజు తెల్లారగట్లే ముక్తేశ్వరం వైపు దింపు పని ఉందని వెళ్ళిపోయాడు. చెట్లు ఎక్కీ దిగీ బతికిన మనిషి, ఆ ఒక్క చెట్టు పడటం చూడలేకపోయాడు. ఈ సంగతులు నేను తరువాత విన్నవే. నేను కూడా ఆ వారం అటు వెళ్ళలేదు. వెళ్ళాలనిపించలేదు.

ఆ చలికాలం పలకల మీద రోజంతా ఎండ పడింది. డాబా ఎక్కి చూస్తే ఎక్కడా చిన్న నీడ లేదు. సర్వే ఇంజనీరు రాసుకున్న మాట మళ్ళీ నిజమైంది. ఇక ఫ్రిజ్‌కి ఏ లోటూ ఉండదని, కనీసం ఆ చెట్టు ప్రాణానికి ఒక అర్థం ఉందని అనుకున్నాను.

అప్పటికి బ్యాటరీలు చెడిపోయి ఉన్నాయి. బ్యాటరీకి వయసు ఉంటుంది, బాగా చూసుకుంటే అయిదారేళ్ళు వస్తుంది. నీడ పడ్డ రోజుల్లో సగం ఆకలితో ఉండి ఉండి లోపల సీసం రేకులకి గట్టి పొర కట్టేసింది. ఎంత ఎండ పోసినా దాచుకునే శక్తి వాటికి లేదు. పగలు బాగానే ఉండేది, తెల్లవారేసరికి ఉష్ణోగ్రత పెరిగేది. రత్నకుమారి సిస్టరు రోజూ సాయంత్రం మందులన్నీ ఐసు పెట్టెలోకి మార్చి, పొద్దున్నే మళ్ళీ ఫ్రిజ్‌లోకి సర్దేది. అలా ఎన్నాళ్ళు చేస్తుంది?

కొత్త బ్యాటరీలు కావాలని రాశాను. ఏ హెడ్ కింద అని తిరిగొచ్చింది. ఫ్రిజ్ కొనడానికి డబ్బు ఇచ్చిన పథకం ఎప్పుడో ముగిసిపోయింది. ఫ్రిజ్ ఇచ్చినవాళ్ళు బ్యాటరీ పద్దు రాయడం మరచిపోయారు. ఆ సమయంలోనే ఇంకో పథకం వచ్చింది. కరెంటు కోతలున్న కేంద్రాలన్నిటికీ డీజిలు జనరేటర్లు. డీజిలుకి నెల నెలా హెడ్ ఉంది. మామూలు కరెంటు ఫ్రిజ్, పక్కన జనరేటరు, సోలార్ సామాను విప్పి స్టోరుకి పంపమని ఉత్తర్వు. పలకలు చెక్కుచెదరలేదు, ఇంకా ఎన్నో ఏళ్ళు పనిచేసేవే. విప్పింది నేనే. బిగించిన చేతులతోనే విప్పాను. ఆ పలకలు తరవాత స్టోరులో గోడకి ఆనించి, దుమ్ము పట్టి, చాలా ఏళ్ళు ఉండటం నేను చూశాను.

జనరేటరు పెట్టడానికి సిమెంటు దిమ్మ వేసిన చోటు ప్రహరీ పక్కన, ఆదిలక్ష్మి గారి వంటింటికి ఎదురుగా. మొదటిసారి తాడు లాగి స్టార్ట్ చేసినరోజు నల్లటి పొగ గోడ దాటి వాళ్ళ పెరట్లోకి పోయింది. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గోడ దగ్గరికొచ్చింది. చెట్టు ఉన్నప్పుడు అక్కడ నీడలో నిలబడేది. ఇప్పుడు ఎండ మొహం మీద కొడుతుంటే కళ్ళు చిట్లించుకుని నిలబడింది.

"ఇదేటండి బాబుగారూ, అద్దాలు తీసేత్తన్నారు?"

"వాటి బ్యాటరీలు పోయాయి పిన్నిగారూ. వాటి బదులు ఇది."

"ఇప్పుడు ఎండ బాగానే పడతంది కదండీ."

"పడుతోందండీ. దాన్ని దాచుకునే బ్యాటరీలు లేవు."

"ఈ మిషనుకేం కావాలండి?"

"డీజిలు."

"అది ఇత్తారాండి గవర్నమెంటోళ్ళు?"

"ఇస్తారండీ, నెల నెలా."

"మరి బేటరీలు ఇవ్వరాండి?"

ఇవ్వరని చెప్పాను. ఎందుకివ్వరో ఆవిడ అడగలేదు, అడిగితే హెడ్ గురించి ఎలా చెప్పేవాడినో నాకు తెలియదు. జనరేటరు చప్పుడులో ఇంకేదో అంది, వినపడలేదు. దగ్గరికెళ్ళాను. కోపంగా లేదు, నా ముఖంలోకి సూటిగా చూస్తూ అదే మాట మళ్ళీ అంది.

"ఇలాగవుద్దని ముందే తెలిసుంటే చెట్టుంచుకుందుం కదండీ."

అవునండీ అన్నాను. ఆవిడ తల ఊపి ఇంట్లోకి వెళ్ళి వంటింటి తలుపు వేసుకుంది. ఆ ఊళ్ళో పిల్లలకి టీకాలు ఆగలేదు, అది నాకు చాలా పెద్ద ఊరట. ఎండతో జరిగే పని అప్పటి నుంచి డీజిలుతో జరిగింది, అంతే తేడా. ఆ తేడాకి ఒక చెట్టు పోయింది. ఉద్యోగం మొత్తంలో నేను బాగుచేయలేకపోయిన యంత్రాలు చాలా ఉన్నాయి, వాటి గురించి నాకు బాధ లేదు. దీని గురించి మాత్రం ఇప్పటికీ ఉంది.

ఈ మధ్య అమలాపురంలో ఆసుపత్రుల పొగ తగ్గించడం మీద ఒక సభ పెట్టి, పాత మెకానిక్‌ని కదా అని నన్నూ పిలిచారు. కుర్ర ఇంజనీర్లు మంచి ఉత్సాహంగా ఉన్నారు, పలకల ధరలు తగ్గాయని, ఇప్పటి ఫ్రిజ్‌లకి బ్యాటరీలే అక్కర్లేదని చెప్పారు. నిజంగా సంతోషించాను. నన్ను రెండు మాటలు చెప్పమంటే ఈ కథే చెప్పాను. ఒక మంచి వస్తువు ఇస్తూ, దాని కోసం ఊరివాళ్ళని ఏదైనా వదులుకోమని అడిగే ముందు, మన వైపు నుంచి ఇవ్వాల్సింది చివరిదాకా ఇవ్వగలమో లేదో తేల్చుకోవాలని ఆ అనుభవం నాకు నేర్పింది. తేలకపోతే తేలలేదనే చెప్పాలి. ఆదిలక్ష్మి గారికి ఎవరైనా ఆ మాట చెప్పి ఉంటే, ఆవిడ అప్పుడు కూడా మట్టలు కొట్టించేదేమో, బుజ్జిగాడి కన్ను తలుచుకుని. కాకపోతే అది ఆవిడ తెలిసి ఇచ్చింది అయ్యుండేది.